రక్తఫలకికలకు అందే సంకేతాలు

వేలు తెగితే కొద్ది నిమిషాలలో రక్తం గడ్డకడుతుంది, మనం బతుకుతాం. అదే గడ్డ గుండెకు రక్తం తీసుకువెళ్ళే ధమనిలో ఏర్పడితే గుండెపోటు వస్తుంది. మరి ఎప్పుడు గడ్డకట్టాలో, ఎప్పుడు కట్టకూడదో రక్తానికి ఎలా తెలుస్తుంది? రక్తఫలకికలలో ఉండే కొన్ని ఎంజైములు ఈ సంకేతాలను అందజేస్తాయి. వాటిని గురించి ఈరోజు తెలుసుకుందాం.

మొదట ఒకసారి కలకత్తాకు వెళదాం. అక్కడి మెడికల్ కాలేజీలో పనిచేసిన డాక్టర్ శంభునాథ్ దే, కలరా సూక్ష్మజీవులు పెరిగిన ద్రవాన్ని వడగట్టి, సూక్ష్మజీవులు లేకుండా చేసి, కుందేలు పేగులో ప్రవేశపెట్టారు. అయినా పేగు నీటితో ఉబ్బిపోయింది. సూక్ష్మజీవి విడుదల చేసే విషమే కలరాకు మూలమని ఆయన 1959లో ప్రకటించారు. ఆ విషం పేగు కణాలలోని అడినైలేట్ సైక్లేజ్ అనే ఎంజైమును ఆగకుండా పనిచేయిస్తుందని తరువాత తెలిసింది. ఈ ఎంజైము ఎ.టి.పి. నుండి సైక్లిక్ ఎ.ఎం.పి. అనే సంకేత పదార్థాన్ని తయారుచేస్తుంది. కండరంలో ఎ.టి.పి.ని 1929లో గుర్తించినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

ఇదే ఎంజైము రక్తఫలకికలలో కూడా ఉంది. కాని కణం మారితే సంకేతానికి అర్థం మారుతుంది. సైక్లిక్ ఎ.ఎం.పి. పెరిగితే పేగు కణాలు నీటిని పోగొడతాయి. రక్తఫలకికలు మాత్రం శాంతంగా ఉండిపోతాయి. ఆరోగ్యంగా ఉన్న రక్తనాళపు గోడ ప్రోస్టాసైక్లిన్‌ను విడుదల చేసి, ఈ ఎంజైము ద్వారా వాటిని అలా శాంతంగా ఉంచుతుంది.

నాళం తెగగానే పరిస్థితి తారుమారవుతుంది. గోడలోని కొల్లాజెన్ బయటపడుతుంది. ఫలకికలు దానికి అంటుకుంటాయి. వాటిలో ఫాస్ఫోలైపేజ్ సి అనే ఎంజైము మేల్కొని, నిల్వ ఉన్న కాల్షియం విడుదలయ్యేలా చేస్తుంది. ఫలకికలు ఆకారం మార్చుకుని ఎ.డి.పి.ని వెదజల్లుతాయి. అది పక్క ఫలకికలలో అడినైలేట్ సైక్లేజ్‌ను అణచివేస్తుంది. సైక్లోఆక్సిజనేజ్ అనే మరో ఎంజైము సాయంతో త్రాంబాక్సేన్ తయారై, ఇంకా కొన్ని ఫలకికలను రప్పిస్తుంది. ఇలా చేరిన గుంపు చుట్టూ త్రాంబిన్ ఫైబ్రిన్ పోగుల వలను అల్లిస్తుంది. అదే రక్తపుగడ్డ.

ఆస్పిరిన్ ఈ సైక్లోఆక్సిజనేజ్‌ను శాశ్వతంగా పనికిరాకుండా చేస్తుంది. కేంద్రకం లేని ఫలకిక కొత్త ఎంజైమును తయారుచేసుకోలేదు. కాబట్టి అది బతికే వారం, పది రోజులూ ఆ లోటు తీరదు. గుండెపోటు వచ్చినవారికి వైద్యులు తక్కువ మోతాదులో ఆస్పిరిన్ ఇచ్చేది ఇందుకే.

కాని డెంగీలో అసలే రక్తఫలకికలు తగ్గిపోతాయి. ఉన్నవాటిని కూడా ఆస్పిరిన్ పనిచేయనివ్వకపోతే రక్తస్రావం ప్రాణం మీదికి తెస్తుంది. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే, వైద్యుని అడగకుండా ఆస్పిరిన్ ఇవ్వనీయకండి. ఈ పాఠం మీ పరీక్షకే కాదు, మీ ఇంటికి కూడా ఉపయోగపడాలని కోరుకుంటున్నాను.