తాత చెరువు, మనుమరాలి మసీదు

మన ఇబ్రహీంపట్నం పెద్దచెరువు ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటిదని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న రాజు ఆయనే. ఆయన మనుమరాలు హయత్ బక్షీ బేగం. గోల్కొండ సింహాసనం మీద ఆమె తండ్రి, భర్త, కొడుకు వరుసగా కూర్చున్నారు. విజయవాడ రోడ్డు మీది హయత్‌నగర్‌కు ఆ పేరు ఆమెదే.

అక్కడి మసీదును ఒక్కసారైనా చూడండి. ముందు అయిదు కమానులు, రెండు చివర్లా రెండు మినార్లు. సున్నపు గచ్చుతో చేసిన నగిషీని దగ్గరగా నిలబడి చూడాలి. రాతిలో చెక్కడం కష్టమైన సన్నని పూలూ లతలూ తడి గచ్చులో పనివాడి చేతికి సులువుగా ఒదిగాయి. కుతుబ్ షాహీల పనితనమంతా అందులోనే ఉంది.

నాకు మరీ నచ్చేది చుట్టూ ఉన్న సరాయి. విశాలమైన ఆవరణ, దాని నాలుగు వైపులా వరుసగా కమాను గదులు. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు వెళ్లే బాటసారులు రాత్రిపూట ఇక్కడే దిగేవారు. పక్కనే పెద్ద దిగుడుబావి. దాన్ని ఏనుగుల బావి అంటారు.

నగరంలోని మక్కా మసీదు ఈ మసీదుకు పూర్తిగా వేరు. అది నల్లరాతి కట్టడం. హయత్ బక్షీ భర్త ముహమ్మద్ కుతుబ్ షా మొదలుపెడితే, ఔరంగజేబు కాలంలో 1694లో గానీ పూర్తికాలేదు. దాన్ని చూడటానికి దేశమంతా వస్తుంది. హయత్‌నగర్ మసీదు ముందు నుంచి రోజూ వేల బండ్లు ఆగకుండా పోతున్నాయి. ఈసారి అటు వెళ్తే దిగి చూడండి.