తుది నుండి పదమును వెదకుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు వచ్చువారిలో రెండు తెగలవారు కనబడుచుందురు. కొందరు గ్రంథము చదువుటకు వత్తురు. కొందరు పత్రికలోని గళ్ళు నింపుటకు వత్తురు. రెండవ తెగవారిని చూచి మొదటివారు, ఇది వట్టి కాలక్షేపమని పెదవి విరచుట కలదు. ఆ కాలక్షేపములో భాషకు మేలెంత యున్నదో విచారించుటయే ఈ ప్రసంగ విషయము.

గళ్ళ ఆట పుట్టినది అమెరికాలో. 1913 డిసెంబరు 21వ తేదీన 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో ఆర్థర్ విన్ అను నాతడు దీనిని మొదట ప్రకటించెను. తెలుగున శ్రీశ్రీ 'పదబంధ ప్రహేళిక' యను పేర, ఆరుద్ర 'గళ్ళ నుడికట్టు' అను పేర దీనిని కూర్చిరి. మహాకవులే చేయి పెట్టిన పని గావున దీనిని చులకన చేయుటకు వీలులేదు.

ఆట క్రొత్తదే గాని, తుదియక్షరమును బట్టి పదమును వెదకుట మన దేశమునకు క్రొత్త గాదు. అమరకోశము మూడవ కాండములోని నానార్థవర్గమున పదములు తుది హల్లును బట్టి కూర్చబడినవి. క్రీ.శ. 1111లో మహేశ్వరుడు రచించిన విశ్వప్రకాశమును, ఆ తరువాతి మేదినీ కోశమును మరియొక యడుగు ముందునకు వేసినవి. మొదట తుది హల్లు, దానిలో మరల ఏకాక్షరము, ద్వ్యక్షరము, త్ర్యక్షరము అని అక్షరసంఖ్య - ఈ వరుసలో అవి పదములను పేర్చినవి. నేటి గళ్ళ ఆటగాడు కోరునదియు సరిగా ఇదే గదా! ఇంగ్లీషున పదాంతమును బట్టి జాన్ వాకర్ నిఘంటువు కూర్చినది 1775లో.

మన తెలుగు నిఘంటువులలో పెద్దవి మాత్రము మొదటి యక్షరమును బట్టి నడచినవి. 1852 నాటి బ్రౌను నిఘంటువైనను, 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరమైనను అకారాదిగనే యున్నవి. తల తెలిసినవానికి అవి తలుపు తీయును. తోక మాత్రమే తెలిసినవాడు బయటనే నిలువవలెను. అట్టివానికి కొన్ని ఉపాయములు కావలెను.

మొదటిది అక్షరముల లెక్క. తెలుగు గళ్ళలో ఒక గడికి ఒక అక్షరము. గుణింతమైనను, ఒత్తులెన్ని యున్నను అక్షరమొక్కటియే. 'స్త్రీ' ఒక్క గడిలో నిముడును. 'మంచితనము' అయిదు గళ్ళ మాట; అందలి సున్న తన ముందరి యక్షరముతోనే కలిసియుండును, దానికి వేరు గడి లేదు.

రెండవది తుది ప్రత్యయమును గుర్తించుట. ప్రథమా విభక్తికి డు, ము, వు, లు ప్రత్యయములని బడిలో చదువని వారుండరు. గళ్ళలో నిలువు మాటల తుదియక్షరములు పెక్కుసార్లు ఈ నాల్గింటిలో నొకటిగనే యుండును. ఇవి గాక తనము, రికము, గాడు, కత్తె, కోలు, పాటు, రాలు అను నవి యున్నవి. తుదిని 'రికము' ఉండి ముందు రెండు గళ్ళు ఖాళీగ నున్నచో 'పేదరికము' మనసునకు తట్టును. తుదిని 'కోలు' ఉన్నచో 'వీడుకోలు', 'వేడుకోలు' తట్టును.

మూడవది వర్ణమాలను నడిపించుట. తుది రెండక్షరములు 'రము' అని తెలిసి, మొదటి గడి యొక్కటే ఖాళీగ నున్నదనుకొందురు గాక. అకారముతో హల్లుల నన్నిటిని వరుసగా చేర్చి చూచినచో కరము, ఖరము, చరము, జ్వరము, నరము, పరము, భరము, వరము, శరము, సరము, స్వరము, హరము దొరకును. అచ్చు మార్చినచో కారము, భారము, వారము, సారము, హారము, ద్వారము, చిరము, శిరము, తీరము, క్షీరము, పురము, దూరము, ఘోరము వరుసకట్టును. ఊహకు తోచిన మాటకై ఎదురుచూచువాడు మూడు నాలుగింటితో నాగును. వరుస తప్పక నడచువాడు ఇరువది దాటును. అందు 'ఖరము' గాడిద యనియు, 'భరము' బరువనియు, 'హరము' భాగహారములో భాగించు సంఖ్య యనియు ఆడువాడు మరల నిఘంటువు చూచి తెలిసికొనును. ఆటకు గలిగిన ఫలమిది.

నాలుగవది సమాసముల తుది. 'శాల' తుదిగా నాలుగక్షరములు కావలెనన్న పాఠశాల, ధర్మశాల, అశ్వశాల, గజశాల, వంటశాల గలవు. అయిదు కావలెనన్న భోజనశాల, వ్యాయామశాల గలవు. 'ఆలయము' తుదిగా అయిదక్షరములకు దేవాలయము, విద్యాలయము, కార్యాలయము, హిమాలయము, వానితోపాటు గ్రంథాలయము.

ఇక్కడనే యొక చిక్కు పుట్టుచున్నది. గ్రంథాలయము అయిదక్షరములు, వ్యవహారమున 'గ్రంథాలయం' అనినచో నాలుగే. 'పుస్తకము' నాలుగు, 'పుస్తకం' మూడు. పాత పుస్తకములు చదివిన తాతగారికి ఒక గడి చాలదు, బడికి పోవు మనుమనికి ఒక గడి మిగులును. ఇద్దరును తప్పు గారు. ఆట మొదలిడుటకు ముందే 'ము'కారమా, సున్నయా యని నియమము చేసికొనుట తగవును తప్పించును.

అంత్యాక్షరిలో వేరొక నేర్పు కావలెను. అచ్చట ఎదుటివారు విడిచిన తుదియక్షరమే ఈవలివారికి మొదటి యక్షరమగును. ణ, ళ అను నక్షరములతో మొదలగు మాటలు తెలుగున మిక్కిలి యరుదు. ఆ యక్షరములతో ముగియు పద్యములను దాచియుంచి అదను చూచి వేయువాడే గడుసు ఆటగాడు.

నేడు కంప్యూటరు క్షణములో మాటలను వెదకి యిచ్చుచున్నది. అయినను తెలుగు అక్షరమును లెక్కించుట దానికి వేరుగ నేర్పవలసి యున్నది. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరము. యంత్రములో అది సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, ఈకారపు గుడి యని ఆరు గుర్తులుగ నిలువ యుండును. ఆ సంగతి యెరుగని వెదకులాట తప్పుడు లెక్క చెప్పును. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి గలదు. యంత్రమైనను, నిఘంటువైనను తనలో చేర్చిన మాటనే యీయగలదు. చేర్చని మాటను ఈయజాలదు.

పల్లెకు పట్టిన పని యిదియే. రెండక్షరములు, తుది 'డి' అని ఒక ఆధారమున్నదనుడు. గుడి, బడి, మడి, తడి, పాడి, కోడి, గాడి, కాడి, మేడి! పల్లె బ్రతుకంతయు ఆ రెండు గళ్ళలో నిమిడినది. పట్టణమున పెరిగిన బాలునికి 'మేడి' యన్న చెట్టే తెలియును. అరక దున్నినవానికి మేడి యన్న చేతిలోని నాగలి పిడి. 'గాడి' యన్న పశువులు మేత మేయు చోటని నేడు ఎందరు పిల్లలు చెప్పగలరు? ట్రాక్టరు వచ్చినది, పని తేలికయైనది. అందుకు విచారింప బనిలేదు. కాని నాగలి అటక యెక్కిన నాడు దాని మాటలును అటక యెక్కును. పలికెడి నోరు లేని మాట ఒక తరములో మాయమగును.

ఈ యపాయమును పెద్దలు ముందే గుర్తించిరి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు కూర్చిన మాండలిక వృత్తి పదకోశము మొదటి సంపుటము, వ్యవసాయ పదములతో 1962లో వెలువడినది. రైతుల నోటి మాటలను ఊరూర సేకరించి చేసిన పని యది. అయినను ప్రతి యూరి ప్రతి మాటయు ఒక గ్రంథములో నిముడునా?

కావున రజతోత్సవము నాటి యీ గ్రంథాలయమునకు ఒక చిన్న పని సూచింపదగియున్నది. బల్లమీద ఒక లావుపాటి పుస్తకముంచవలెను. ఊరిలోని రైతు, వడ్రంగి, కుమ్మరి, సాలె, వంటయింటి యిల్లాలు చెప్పు మాటలను పిల్లలు అందు వ్రాయవలెను. మాట, దాని యర్థము, అది యే పనిలోనిది - ఈ మూడును చాలును. పిమ్మట ఆ మాటలను మేదినీకారుని మార్గమున తుదియక్షరమును బట్టి, అక్షరసంఖ్యను బట్టి విడదీయవలెను. ఏటేట ఉత్సవము నాడు ఆ మాటలతోనే గళ్ళు కూర్చి పోటీ పెట్టవలెను. అప్పుడు చదువు రాని ముదుసలి చెప్పిన మాట కొరకు చదువుకొన్న బాలుడు ఆమె యరుగు వద్దకు పోవును. గ్రంథాలయమునకు ఇంతవరకు గడప దాటి రానివారును దాని గ్రంథకర్తలలో చేరుదురు.

ఖర్చు ఒక పుస్తకము, ఒక కలము. కావలసినది ఓపిక. ఇరువదియైదేండ్లు తలుపు మూయక గ్రంథాలయము నడిపిన ఊరికి ఓపిక కొరత యుండదు.

స్వస్తి.