క్రెష్ తెరిచే ముందు గడప గడపకూ వెళ్లాలి

(మైనారిటీ మహిళల స్వయం ఉపాధిపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పసిపిల్లల సంరక్షణ కేంద్రాన్ని వ్యాపారంగా ప్రారంభించదలచిన మహిళలు ముందుగా ఏం తెలుసుకోవాలో చెప్పమని నిర్వాహకులు మమ్మల్ని కోరారు. మేము నిపుణులం కాము. హైదరాబాదు పాతబస్తీలో చిట్టీ డబ్బులు కూడబెట్టుకొని అటువంటి కేంద్రం తెరవాలని బయలుదేరిన కొద్దిమంది మహిళలం. ఆ డబ్బులో ఒక సోదరి గాజులు తాకట్టు పెట్టి తెచ్చినది కూడా ఉంది. అందువల్లనే ఇల్లు అద్దెకు తీసుకొని బోర్డు రాయించే ముందు ‘ఎవరి పిల్లలు వస్తారు?’ అన్న ప్రశ్నకు జవాబు వెతకవలసి వచ్చింది.

మొదట మేము చేసిన పొరపాటు చెబుతాము. తెలుగులో ప్రశ్నపత్రం అచ్చువేయించి ఉర్దూ మాట్లాడే ఇళ్లకు తీసుకువెళ్లాము. ‘కేంద్రం పెడితే మీ బిడ్డను పంపుతారా?’ అని అడిగాము. దాదాపు అందరూ ‘తప్పకుండా ఆపా’ అన్నారు. ఎంతో సంతోషించాము. నెలకు ఎంత ఇవ్వగలరని అడిగినప్పుడు మాత్రం మౌనమే ఎదురైంది. గడపలోకి వచ్చిన మనిషిని నొప్పించకూడదన్న మర్యాదను చూసి, అదే గిరాకీ అనుకొని పొరబడ్డామని అప్పుడు గ్రహించాము.

ఆ కాగితాలు పక్కన పెట్టి ఉర్దూలోనే, కూర్చొని మాట్లాడడం మొదలుపెట్టాము. రేపు ఏం చేస్తారని కాదు, నిన్న ఏం జరిగిందని అడిగాము. నిన్న మీ బిడ్డను ఎవరు చూశారు? ఎన్ని గంటలు? అందుకు ఎవరికైనా డబ్బు ఇచ్చారా? గత నెలలో బిడ్డ వల్ల ఎన్ని రోజుల పని పోయింది? ఈ ప్రశ్నలకు మర్యాద కోసం చెప్పే జవాబులుండవు, జరిగినదే చెప్పాలి.

తరువాత వయసుల వారీగా లెక్కించాము. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అంగన్‌వాడీ ఉంది. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ద్వారా అక్కడ ఆహారం, పూర్వ ప్రాథమిక విద్య అందుతాయి. అయితే అంగన్‌వాడీ మూసే వేళకు తల్లి పని ముగియదు. మూడేళ్ల లోపు బిడ్డకైతే పగలంతా చూసే చోటే లేదు. అంటే అవసరం రెండు చోట్ల ఉంది: చిన్న బిడ్డలకు పూర్తి పగలు, పెద్ద పిల్లలకు మధ్యాహ్నం తరువాతి గంటలు. చిన్న బిడ్డలకు ఎక్కువ చేతులు కావాలి, కనుక ఖర్చూ ఎక్కువే. రెండింటినీ ఒకే రుసుముతో నడపలేము.

ఇక పోటీ మాట. మా బస్తీలో మరొక కేంద్రం లేదు కనుక పోటీ లేదనుకున్నాము. ‘నిన్న ఎవరు చూశారు?’ అన్న ప్రశ్న ఆ భ్రమను తొలగించింది. కొన్ని ఇళ్లలో నానీ, దాదీ చూస్తున్నారు. మరికొన్ని ఇళ్లలో తమ్ముడిని చంకనెత్తుకొని తలుపు తీసింది బడికి వెళ్లవలసిన ఆడపిల్ల. మాకు పోటీ ఆ చిన్నారే. ఆమెకు జీతం లేదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా చేసిన 2009 నాటి చట్టం ఉన్నా, ఆమె పుస్తకాల సంచి గోడ మేకుకు వేలాడుతూనే ఉంది. లెక్కల కోసం వెళ్లిన మాకు ఈ వ్యాపారం ఎందుకు నిలబడాలో ఆ గడపలోనే తెలిసింది.

చెల్లించే శక్తి గురించి కూడా చెప్పాలి. ముస్లిం మహిళా కార్మికుల్లో 70 శాతం మంది ఇంటి ఆవరణలోనే పనిచేస్తున్నారని, మొత్తం మహిళా కార్మికుల్లో అది 51 శాతమని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక తెలిపింది. మగ్గం పని, గాజుల పని చేసే తల్లికి నెల జీతం ఉండదు. పూర్తయిన పనిని బట్టి కూలి చేతికొస్తుంది. నెల రుసుము ఒకేసారి ఇమ్మంటే ఇవ్వలేని తల్లి, వారం వారం ఇమ్మంటే ఇవ్వగలదు. పండుగల ముందు పని పెరుగుతుంది, ఆ తరువాత తగ్గుతుంది. రంజాన్ నెలలో పని వేళలే మారిపోతాయి. ఏడాదిలో ఒక్క నెలను చూసి లెక్క కడితే మోసపోతాము.

ఒక ఉదాహరణ చూద్దాము. అద్దె 8,000, ఇద్దరు ఆయాలకు 20,000, పాలు, కరెంటు, శుభ్రతకు 4,000 అనుకుంటే నెలకు 32,000 రూపాయలు. పదహారు మంది పిల్లలుంటే తలకు 2,000. తల్లి ఇవ్వగలిగినది 1,200 అయితే నెలకు 12,800 లోటు. ఈ లోటు ఎవరు భరిస్తారో తేలకుండా తాళంచెవి చేతికి తీసుకోకూడదు. ఆయాల జీతం కోసి పూడ్చడం పరిష్కారం కాదు. వారు కూడా మన ఆడబిడ్డలే.

ఇక్కడే వ్యాపారం హక్కుల దగ్గరకు వస్తుంది. చట్టం ప్రకారం యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సౌకర్యం కల్పించాలి. సమీపంలో అటువంటి ఆసుపత్రులు, దుకాణ సముదాయాలు ఏవున్నాయో జాబితా రాసుకొని, వారి ఉద్యోగుల పిల్లలను మనం చూస్తామని అడగవచ్చు. ఇంట్లో పనిచేసే తల్లి మాత్రం ఆ నిబంధన పరిధిలోకి రాదు. ఆమె కోసం కేంద్ర ప్రభుత్వ ‘పాల్నా’ పథకం కింద మన బస్తీ అంగన్‌వాడీలోనే క్రెష్ నడపాలని కోరవలసింది మనమే. గడప గడపకూ తిరిగి సేకరించిన లెక్క ఉంటే ఆ అర్జీకి బలం ఉంటుంది.

చివరగా, నమ్మకాన్ని కూడా పరీక్షించాలి. తల్లులు మమ్మల్ని తిరిగి అడిగారు: బిడ్డకు ఏం పెడతారు? లోపలికి ఎవరెవరు వస్తారు? జ్వరం వస్తే ఎవరికి కబురు చేస్తారు? వీటికి జవాబు రాసిపెట్టుకున్నాకే, అద్దె ఇల్లు తీసుకోకుండా మాలో ఒకరి ఇంట్లో నలుగురు పిల్లలతో ఒక నెల నడిపాము. ముందుగా వారం రుసుము ఇచ్చిన తల్లినే నిజమైన గిరాకీగా లెక్కపెట్టాము. ‘తప్పకుండా’ అన్నవారందరూ రాలేదు. కానీ వచ్చిన ఒక బిడ్డ వెనుక అతని అక్క పుస్తకాల సంచి మేకు మీద నుంచి దిగింది.

సోదరీమణులారా! అడగకుండా తెరిచిన కేంద్రం మూతపడితే నష్టపోయేది చిట్టీ డబ్బు మాత్రమే కాదు. మరోసారి ఎవరైనా తలుపు తట్టినప్పుడు ఆ తల్లులు నమ్మరు. అందుకే ముందు అడగండి, వినండి, లెక్క కట్టండి, ఆ తరువాతే తెరవండి.