నొప్పులు తగ్గించమని అడగడం తప్పా?



కాన్పు ఆడదానికి పునర్జన్మ అంటారు పెద్దలు. పురిటి నొప్పుల బాధ పడిన తల్లికే తెలుసు. కానీ ఆ బాధ గురించి ఎవరూ మాట్లాడరు. "మేమంతా పడలేదా? ఓర్చుకో" అంటుంది అత్త. "నొప్పులు పడి కంటేనే బిడ్డ మీద మమకారం" అంటుంది పక్కింటి అవ్వ. కడుపుతో ఉన్న పిల్ల నోరు మూసుకుంటుంది.

మరి ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తే ఆ తల్లికి ప్రేమ ఉండదా? సాకిన తల్లికి ఉండదా? మమకారం నొప్పిలోంచి రాదు.

నొప్పులు ఎందుకొస్తాయి? గర్భసంచి బిగుసుకుంటుంది, మళ్ళీ వదులవుతుంది. బిగిసినప్పుడల్లా దాని మూతి కొంచెం కొంచెం తెరుచుకుంటుంది. 10 సెంటీమీటర్లు తెరుచుకుంటే బిడ్డకు దారి దొరుకుతుంది. తొలి కాన్పులో దీనికి చాలా గంటలు పడుతుంది.

మందు లేకుండా కొంత బాధ తగ్గుతుంది. అటూ ఇటూ నడవాలి. నెమ్మదిగా గాలి పీల్చి వదలాలి. ఎవరైనా నడుము రుద్దాలి. పక్కన తల్లో, అక్కో ఉంటే ధైర్యం. కాన్పు గదిలో అలా ఒక ఆడతోడు ఉండవచ్చని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పింది.

మందుతో ఇంకా బాగా తగ్గుతుంది. మత్తు డాక్టరు నడుము దగ్గర సూదితో సన్నని గొట్టం పెట్టి మందు ఎక్కిస్తారు. దీన్ని ఎపిడ్యూరల్ అంటారు. తల్లి మెలకువగానే ఉంటుంది. బిడ్డ తొలి ఏడుపు వింటుంది. ఆరోగ్యంగా ఉన్న తల్లి కోరితే ఇది ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది.

"ఆ సూదితో జన్మంతా నడుము నొప్పేనట!" అని భయపడతారు. అది నిజం కాదు. సూది వేసిన చోట కొద్ది రోజులు నొప్పి ఉండవచ్చు. దీనివల్ల ఆపరేషన్లు కూడా పెరగవు. అయితే కొన్ని ఇబ్బందులున్నాయి. బి.పి. తగ్గవచ్చు. కాళ్ళు బరువెక్కవచ్చు. కొద్దిమందికి తలనొప్పి వస్తుంది. బిడ్డ బయటికి రావడానికి ఇంకాస్త సమయం పట్టవచ్చు. అందుకే మత్తు డాక్టరు ఉన్న ఆసుపత్రిలోనే వేయించుకోవాలి. అన్ని ఆసుపత్రుల్లో ఇది దొరకదు.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా వినండి. ఊళ్ళో "నొప్పుల సూది" అనేది వేరు. అది నొప్పులు తగ్గించదు, పెంచుతుంది! తొందరగా కాన్పు కావాలని ఇంటి దగ్గర దాన్ని వేయించకూడదు. నొప్పులు మితిమీరితే గర్భసంచి పగలవచ్చు. బిడ్డకు ఊపిరి అందదు. తల్లీబిడ్డల ప్రాణాలు పోవచ్చు. డాక్టరు అవసరమనుకుంటే ఆసుపత్రిలో, కనిపెట్టుకుంటూ ఇస్తారు.

నొప్పి తగ్గించడం నిన్న మొన్నటి ముచ్చట కాదు. 1847లో స్కాట్లండులో సింప్సన్ అనే డాక్టరు కాన్పుకు మత్తుమందు వాడారు. కొందరు తప్పన్నారు. 1853లో విక్టోరియా రాణి తన ఎనిమిదో కాన్పుకు ఆ మందే తీసుకుంది. రాణికి తప్పు కానిది కూలికి పోయే తల్లికి ఎలా తప్పవుతుంది?

నెలనెలా పరీక్షకు వెళ్ళినప్పుడే నర్సమ్మను అడగండి. నొప్పులు తగ్గించే మందు ఇక్కడ ఉందా? లేకపోతే ఏ ఆసుపత్రిలో ఉంది? ఖర్చెంత? తోడు ఎవరు ఉండవచ్చు? నొప్పులు మొదలయ్యాక అడిగే ఓపిక ఉండదు.

ఓర్చుకుంటానన్న తల్లిని ఓర్చుకోనివ్వండి. తగ్గించమన్న తల్లిని ఎగతాళి చేయకండి. ఇద్దరూ మంచి తల్లులే.