కోడింగు ఏజెంటుకు సూచనాపత్రము: గుణపరీక్ష

జవాబును తిరిగి సరిచూచుకొననిదే లెక్క ముగిసినట్లు ఒప్పుకొనని ఒక గణితోపాధ్యాయుని స్మృత్యర్థము ఏర్పడిన ఈ ఉపన్యాసమునకు నేటి కంప్యూటరు విద్యలో ఇంకను పసితనమున నున్న ఒక ప్రశ్నను ఎన్నుకొంటిని. కోడు వ్రాయు కృత్రిమమేధా ఏజెంటు కొరకు మనము వ్రాసిపెట్టు సూచనాపత్రము మంచిదో కాదో ఎట్లు తేల్చుకొనవలెను?

ఈ పత్రము ప్రాజెక్టు మూలఫోల్డరులో నుండు సామాన్యమైన ఫైలు. 2025లో క్లాడ్ కోడ్ అను ఏజెంటు వచ్చినపుడు ఈ ఫైలునకు 'క్లాడ్ డాట్ ఎమ్‌డీ' అను పేరుండగా, అదే ఏట పలు సంస్థల ఏజెంట్లకు సామాన్యముగా 'ఏజెంట్స్ డాట్ ఎమ్‌డీ' అను రూపము వెలసినది. నిన్నటి పనిలో చెప్పిన మాట ఏజెంటుకు నేడు తనంతట జ్ఞప్తి యుండదు గనుక, ప్రాజెక్టును బిల్డు చేయు కమాండు ఏది, టెస్టులు నడపు విధమెట్టిది, ఏ ఫోల్డరును తాకరాదు అను సంగతులు అందు వ్రాయబడును. ఏజెంటు పని ఆరంభించునపుడెల్ల దానిని చదువుకొనును.

ఇట్టి పత్రములు పెక్కింటిలో 'శుభ్రమైన కోడు వ్రాయుము', 'ఉత్తమ పద్ధతులు పాటింపుము', 'జాగరూకతతో మెలగుము' అను వాక్యములు బారులు తీరియుండును. అవి చదువుటకు ఇంపుగనే యుండును. కాని వాటివలన ఏజెంటు చేయు పనిలో మారునది ఏదియు లేదు. పైగా ప్రతి పంక్తియు టోకెన్లను, అనగా ఏజెంటు పాఠమును చదువు తునకలను, వ్యయము చేయును, అవసరమైన పంక్తిపై నిలువవలసిన దృష్టిని పలుచబరచును. సుదీర్ఘమైన పాఠమున నడుమ నున్న సమాచారమును ఏజెంట్లకు ఆధారమైన భాషానమూనాలు మొదటను తుదను ఉన్నదానికంటె తక్కువగా ఉపయోగించుకొనుచున్నవని 2023లో పరిశోధకులు చూపిరి. కావున పత్రము పెరిగినకొలది మేలు పెరుగునను నమ్మకమును మొదటనే విడిచిపెట్టవలెను.

మంచి పంక్తి యెట్లుండునో మన భాషనుండియే చూపెదను. చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయము వంటి పుస్తకాలయమునకు తెలుగు పుస్తకముల సూచిక నిర్మించు ప్రోగ్రాము ఒకటి ఉన్నదనుకొందము. 'లక్ష్మి' అను పేరున చదువరికి కనబడు అక్షరములు రెండు. యూనికోడ్ లెక్కలో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిసి ఏడు సంకేతములు. పేరు పొడవైనచో మూడవ సంకేతము వద్ద త్రుంచుమని వ్రాసిన కోడు 'లక్' అని మిగిల్చి సూచికను చెఱచును. కంటికి ఒక అక్షరముగా కనబడు సంకేతముల కూటమిని, అనగా అక్షరగుచ్ఛమును, అనుసరించి త్రుంచుమన్నను చిక్కు తీరదు. ఏలయన తెలుగు సంయుక్తాక్షరమును ఒకే గుచ్ఛముగా నుంచు నియమము 2023 నాటి యూనికోడ్ 15.1లో గాని చేరలేదు, అంతకు పూర్వపు కోడు లైబ్రరీ దానిని పొల్లు వద్ద విడగొట్టును. మఱియు 'రాజ్‌కుమార్' వంటి పేరులో జకారపు పొల్లునకు పిదప కంటికి కనబడని 'జీరో విడ్త్ నాన్ జాయినర్' ఒకటి నిలిచియుండును. అనవసరపు గుర్తులను తుడిచివేయుటలో ఉత్సాహము గల ఏజెంటు దానిని తొలగించినచో కకారము జకారము క్రింద ఒత్తుగా చేరి పేరు వికృతమగును. 'తెలుగు పేర్లనుండి జాయినర్‌లను తొలగింపకుము, త్రుంచుటకు 15.1 నియమము గల లైబ్రరీనే వాడుము. పిమ్మట పేర్ల టెస్టును నడుపుము' అను పంక్తులు మూడే యైనను, కోడు చదివినంత మాత్రమున ఏజెంటు ఊహింపజాలని విషయమును అవి చెప్పుచున్నవి. ఆ మూడింటిని నేను శిరసావహింతును.

కొలది మాటలలో సందేహమునకు తావీయక చెప్పుట మనకు అపరిచితమైన విద్య కాదు. పాణిని మొదలు చిన్నయసూరి బాలవ్యాకరణము వరకు సూత్రకారుల సాధన అదియే. సామాన్యవిధికిని అపవాదమునకును గల సంబంధమును, రెండు విధులు తుల్యబలముతో ఎదురుపడినపుడు ఏది నిలుచునను నిర్ణయమును వారు ముందుగనే ఏర్పరచిరి. ఏజెంట్స్ డాట్ ఎమ్‌డీలోను, మార్చబడు ఫైలునకు సమీపమున నున్న పత్రమే ప్రబలమనియు, ప్రోగ్రామరు ప్రత్యక్షముగా చెప్పిన మాట దానిని మించుననియు కట్టడి గలదు. అయినను ఒకే పత్రములో పరస్పరవిరుద్ధములైన రెండు పంక్తులున్నచో ఏజెంటు ఏది ఎన్నుకొనునో చెప్పజాలము. అందుచేత పరీక్షకుడు మొదట వెదకవలసినది వైరుధ్యమును. పిమ్మట చూడవలసినది, పత్రమున పేర్కొన్న కమాండులు నేటికిని నడచుచున్నవా, ఫోల్డరులు నిజముగా నున్నవా అనునది.

ఇంతవరకు చెప్పినది పఠనపరీక్ష. అసలు పరీక్ష క్రియలో నున్నది. ప్రాజెక్టులో మునుపు జరిగిన మార్పులనుండి కొన్ని పనులను తీసికొని, పత్రమున్న ప్రతిలోను లేని ప్రతిలోను అదే ఏజెంటుచేత చేయించి, ఏజెంటు చూడని టెస్టులతో ఫలితమును సరిచూడవలెను. ఒకే పని రెండుమారులు చేయించిన రెండు విధములుగా రావచ్చును గనుక ప్రతిదానిని పలుమారులు నడపవలెను. ఎన్ని నెగ్గినవి, ఎన్ని టోకెన్లు వ్యయమైనవి అనునవి రెండును వ్రాసికొనవలెను. ఆపైన ఒక్కొక్క పంక్తిని తొలగించి మరల చూడవలెను. ఇందు ఓర్పు కావలెను, ధనమును కొంత కావలెను. 2023లో వెలువడిన స్వీ-బెంచ్ అను పరీక్షాసంపుటి, 12 పైథాన్ రిపాజిటరీలనుండి 2,294 సమస్యలను కూర్చి ఏజెంట్లను కొలుచుటకు దారి చూపినది. అయితే అది కొలుచునది ఏజెంటు సామర్థ్యమును. మీ పత్రమును కొలుచుటకు మీ ప్రాజెక్టులోని పనులే ప్రమాణము.

మరియొక భాషానమూనాచేత పత్రమునకు మార్కులు వేయించు అలవాటు ప్రబలుచున్నది. నిడివి గల పాఠమునకు మ్రొగ్గుట ఇట్టి న్యాయనిర్ణేతలలో కనబడిన దోషము గనుక, ఆ మార్కులను క్రియాపరీక్షతో పోల్చిచూడక నమ్మరాదు. ఇక భద్రత మాట: రహస్యపు కీలను పత్రములో వ్రాయుట సర్వథా నిషిద్ధము. ఇతరుల ప్రాజెక్టునుండి వచ్చిన పత్రములో ఏజెంటును దారి తప్పించు ఆదేశము దాగియుండవచ్చును. ఏజెంటును నడపకమునుపే ఆ పత్రమును మనుష్యుడు చదివితీరవలెను. పంక్తులను అమర్చు రీతి, విరామచిహ్నముల వాడుక వంటివాటిని కోడు శైలిని సరిచూచు లింటరుకు అప్పగింపుడు. యంత్రము కచ్చితముగా అమలుచేయగల నియమమును వేడుకోలుగా వ్రాయుట వ్యర్థము.

తెలుగు లిపితో పనిచేయు ప్రోగ్రామర్లకు, ముఖ్యముగా ఈ సభలోని యువకులకు, నా మనవి ఇది: పొల్లు, ఒత్తు, జాయినర్ విషయమున మీరు కష్టించి నేర్చినదానిని మీ ప్రాజెక్టు పత్రములో వ్రాయుడు, ప్రతి పంక్తికిని ఒక టెస్టును జతపరచుడు, ఫలితమును మార్చని పంక్తిని కొట్టివేయుడు.