చీపురుకు రిమోట్ లేదు

(వాడలో జరిగిన యువజనుల కూడికలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ కంప్యూటర్ గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. భూమి సంగతి, కూలి సంగతి, శ్మశానం సంగతి పక్కకు పెట్టి ఈ సారు ఈ ముచ్చట ఎందుకు పట్టుకున్నాడని. ఎందుకో చెప్త, వినండి.

పోయిన నెల మన బడి కంప్యూటర్ మొరాయించింది. ఏ ఫైలూ తెరుచుకోదు. బాగు చేసేవాణ్ని పట్నం నుంచి పిలిస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. మన వాడ పిల్లవాడే ఒకడు, నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడు, ఇప్పుడు మాదాపూర్‌లో రాత్రి డ్యూటీ చేస్తున్నాడు. వాడికి ఫోన్ చేశాను. "నేను రానక్కర్లేదు సార్, నెట్ ఉంటే చాలు" అన్నాడు. నా ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి కంప్యూటర్‌కు కలిపాను. వాడు చెప్పిన చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి దించాను. తెర మీద కనపడ్డ అంకెలు చదివాను. అనుమతిస్తారా అని అడిగితే సరేనని నొక్కాను. అంతే, ఎవరూ మౌసు ముట్టకుండానే బాణం గుర్తు దానంతటదే నడవబట్టింది! పిల్లలు "దయ్యం, సార్" అని బెంచీలెక్కారు. ఊడవడానికి వచ్చిన అవ్వ చీపురు పట్టుకొని అట్లనే నిలబడిపోయింది. "ఆడ కూసోని ఈడ తిప్పుతుండా బిడ్డా, మనోడు?"

దయ్యం లేదు, మంత్రం లేదు. మన తెర మీది బొమ్మ వాడి తెరకు పోతుంది. ప్రతిసారీ మొత్తం బొమ్మ పోదు, ఎక్కడ మారితే ఆ ముక్కే పోతుంది. అందుకే నా ఫోన్ నెట్ కూడా ఆ బరువు మోయగలిగింది. అటు నుంచి వచ్చేది ఇంకా చిన్నది: మౌసు ఎటు జరిగింది, ఏ అక్షరం నొక్కాడు, అంతే. పని మాత్రం మన యంత్రంలోనే జరుగుతుంది. నాగలి ఇక్కడే, మేడి పట్టిన చెయ్యి మాదాపూర్‌లో. ఒకే వైఫై డబ్బా కింద రెండు కంప్యూటర్లుంటే ఇంటర్నెట్ లేకుండా కూడా ఒకదాన్నుంచి ఒకటి నడపవచ్చు. అవతలి యంత్రం నిద్రపోకుండా ముందే సరిచేసి పెట్టుకోవాలి, నిద్రపోతే మామూలుగా అందదు. ఇంకో మాట, విండోస్‌తో వచ్చే రిమోట్ డెస్క్‌టాప్ 'ప్రో' రకం ఉన్న యంత్రాన్ని నడపనిస్తుంది, 'హోమ్' రకాన్ని నడపనివ్వదు. మన బళ్లకు దానంగా వచ్చే పాత కంప్యూటర్లలో ఏది ఉందో చూసుకోండి.

1998 నవంబర్‌లో ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచాడు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు. అప్పట్నుంచి కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ దాకా అద్దాల మేడలే. ఆ మేడల్లో మన పిల్లవాడు చేసే పని ఇదే, అమెరికాలో ఉన్న యంత్రాలను ఇక్కడ కూర్చొని నడపడం. ఎండాకాలం న్యూయార్క్‌లో పొద్దున పది కొడితే మనకు రాత్రి ఏడున్నర. వాళ్ల ఆఫీసులు తెరిచేసరికి మనవాడు అన్నం తిని బస్సెక్కుతాడు.

దూరాన ఉండి, ముట్టకుండా నడపడం. ఈ విద్య మన దేశానికి కొత్తదా? దొర అరుగు దిగలేదు. అక్కడ కేకేస్తే ఇక్కడ వాడలో మనిషి లేచాడు. చచ్చిన గొడ్డును దొర ముట్టడు, మనం మోయాలి. చెరువు నీళ్లు మనం ముట్టరాదు. ఆ నీళ్లు ముట్టడానికే 1927లో బాబాసాహెబ్ మహద్‌లో వేలమందిని వెంటబెట్టుకొని నడవాల్సి వచ్చింది. వైరు లేకుండా మనుషుల్ని నడిపిన దేశమిది! 'అనుమతిస్తారా' అని అడిగే పెట్టె మాత్రం మన తాతల ముందర ఎన్నడూ తెరుచుకోలేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు. తెర ముందు పనిచేసేవాళ్లు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకొని ఇళ్లకు పోయారు. మంచం మీద కూర్చొని ఆఫీసు యంత్రాలు నడిపారు. మంచిదే, బతకాలి కదా. మరి అదే మేడలో ఊడ్చే అక్క? కక్కసులు కడిగే అన్న? చీపురుకు రిమోట్ లేదు! మన వాడ నుంచి పోయే ఆడవాళ్లకు కాంట్రాక్టరు ఫోన్‌లో ఒక్క ముక్క చెప్పాడు, రేపట్నుంచి రావొద్దని. ముట్టకుండా చేసే పని ఎవరికి, ముట్టి చేసే పని ఎవరికి? మనువు రాసిన పంపకం అద్దాల మేడలో కూడా నడుస్తున్నది. రిజర్వేషన్ సర్కారు కొలువు గేటు దగ్గరే ఆగిపోతుంది, ఆ మేడల గేటు దాటదు. ఊరి పేరు, ఇంటి పేరు అడిగి లెక్కలేసేవాళ్లు అక్కడా ఉన్నారు. ఇంగ్లీషులో అడుగుతారు, అదొక్కటే తేడా.

ఇంక అసలు సంగతి. మన డ్వాక్రా సంఘంలో ఒక అక్కకు ఫోన్ వచ్చింది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, నీ ఖాతా ఆగిపోతుంది, ఈ యాప్ వేసుకో అన్నారు. వేసుకుంది. అంకెలు చెప్పింది, సరేనని నొక్కింది. పద్దెనిమిది వేలు పోయినయి, కిస్తీ కట్టాల్సిన పైసలు. "ఓటీపీ నేను ఎవలకూ చెప్పలే సారూ" అని ఏడ్చింది. ఫిర్యాదు రాసుకునే కాడ ఒక్కరూ నమ్మలేదు, చదువురానిదానివి నువ్వే చెప్పి ఉంటావన్నారు. ఆమె చెప్పింది నిజం! తెర బొమ్మ వాడి తెరకు పోతుందని ఇందాక చెప్పానా లేదా? ఓటీపీ ఆమె ఫోన్‌లోకి రాగానే వాడు అక్కడ చూసుకున్నాడు. 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు ఎనీడెస్క్ పేరు చెప్పి బ్యాంకులను ఈ మోసం మీదే హెచ్చరించింది. ఆ హెచ్చరిక బ్యాంకులకు చేరింది. మన వాడకు ఎవరు తెచ్చి చెప్పారు?

యాప్ దొంగది కాదు. బడి కంప్యూటర్‌ను బాగు చేసిందీ అట్లాంటిదే. ఆనాడు ఫోన్ చేసింది నేను, అవతల ఉన్నవాడు నేను ఎరిగినవాడు. అక్కకు ఫోన్ చేసింది వాడు. తనంతట తాను ఫోన్ చేసి యాప్ వేసుకోమన్నవాడు బ్యాంకోడన్నా, పోలీసన్నా, కరెంటు ఆఫీసన్నా పెట్టెయ్యండి. ఒకవేళ నొక్కారనుకోండి, సిగ్గుపడి దాచకండి. ముందు నెట్ బందు చెయ్యండి, చేతకాకపోతే ఫోనే ఆపెయ్యండి. తెర తెగిపోతుంది. ఇంకో ఫోన్ నుంచి వెంటనే 1930కి చెప్పండి, బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి. ఎంత తొందరగా చెప్తే పైసలు దొరికే ఆశ అంత. ఆ యాప్ తర్వాత తీయించవచ్చు.

ఆదివారం పొద్దున పది గంటలకు బడి తెరిచి ఉంటుంది. రెండు కంప్యూటర్లు, ఒక వైఫై డబ్బా సిద్ధం చేశాను. ఇటు కూర్చున్న పిల్ల అటు ఉన్నదాన్ని నడపాలి, అటు కూర్చున్న పిల్ల తనకు వద్దనిపించిన క్షణం తెంపాలి. ముందు తెంపుడు నేర్పుతా, తర్వాతే నడుపుడు. అక్కలు మీ ఫోన్లు తెచ్చుకోండి. అవ్వ కూడా వస్తానన్నది, మౌసు మొదలు ఆమె చేతికే ఇస్త.