మగ్గానికి బీమా ఉందా?

(సొసైటీ వార్షిక సమావేశంలో, ఇంటి దగ్గర చేతిపని చేసుకుంటున్న మహిళలను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



సొసైటీ ఇచ్చిన కుట్టుమిషన్లతో, మగ్గం ఫ్రేములతో ఇంటి పట్టునే సంపాదించుకుంటున్న అక్కాచెల్లెళ్లు ఈరోజు చాలామంది వచ్చారు. మీ పని గురించి మీకు చెప్పేంతటి వాళ్లం కాము. మేము బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం, బీమా ఏజెంట్లం కూడా కాము. అయినా ఈ విషయం ఎత్తుకోవడానికి ఒక కారణం ఉంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లు తీశాక, పుస్తకాలు పోయిన పిల్లల జాబితా రాసుకోవడానికి మేము కొందరు ఉపాధ్యాయులం ఇళ్లకు వెళ్లాం. ఒక ఇంట్లో తల్లి మగ్గం వర్క్ చేస్తుంది. గుమ్మం ముందు తాడు మీద పట్టుచీరలు, పెళ్లి జాకెట్లు ఆరేసి ఉన్నాయి. ఒకదాని రంగు ఒకదానికి అంటుకుంది, జరీ నల్లబడింది. వాటిలో ఒక్కటి కూడా ఆమెది కాదు.

కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం ఇచ్చిన 25,000 రూపాయలు ఇల్లు బాగుచేసుకోవడానికి సరిపోయాయి. భర్త మోటారు సైకిలుకు ఫుల్ ఇన్సూరెన్సు ఉండడంతో రిపేరు డబ్బు చాలావరకు వచ్చింది. ఇంటికి అన్నం పెట్టే మగ్గానికి మాత్రం ఏమీ లేదు. చీరల వాళ్లకు కట్టడానికి ఆమె అప్పు చేసింది. పదో తరగతి చదువుతున్న కూతురు రెండు నెలలు బడి మాని తల్లి పక్కన మగ్గం మీద కూర్చుంది. మేము అడిగితే ఆ తల్లి, "అమానతు కదా టీచర్ గారూ, తీర్చకుండా ఎలా పడుకోను?" అంది. మా దగ్గర జవాబు లేదు. అమ్మాయి తర్వాత బడికి వచ్చింది గానీ, పోయిన రెండు నెలల పాఠాలు తిరిగి రాలేదు.

అందుకే నాలుగు విషయాలు తెలుసుకుని వచ్చాం.

మొదటిది. ఇంటి బీమా వేరు, పని బీమా వేరు. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీల్లో ఒకే నమూనాలో దొరికే పాలసీలు ఉన్నాయి. 'భారత్ గృహ రక్ష' ఇంటి గోడలకు, గృహోపకరణాలకు. అమ్మకం సరకు దాని కిందికి రాదు. 'భారత్ సూక్ష్మ ఉద్యమ సురక్ష' చిన్న వ్యాపారాలకు. ఒక చోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల లోపు ఉంటే ఇది వర్తిస్తుంది. అగ్నిప్రమాదం, పిడుగు, తుపాను, వరద వంటివి ఇందులో ఉన్నాయి. మామూలు దొంగతనానికి వేరే పాలసీ కావాలి.

రెండవది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఇంట్లోనే పని జరుగుతుందని, లక్క గాజులు చేసేవారైతే నిప్పుతో పని అని ఫారంలో రాయాలి. దాచి ప్రీమియం తగ్గించుకుంటే క్లెయిము నాడు ఆ దాపరికమే అడ్డం వస్తుంది. అలాగే, గిరాకీలు ఇచ్చిన చీరలు మనవి కావు, మన దగ్గర నమ్మకం మీద ఉన్నవి. ఆ మాట పాలసీలో ప్రత్యేకంగా రాయించుకోకపోతే వాటికి పరిహారం రాకపోవచ్చు. ఏజెంటును ముందు అడగవలసిన ప్రశ్న ఇదే.

మూడవది లెక్క. ఇంట్లో ఉన్న సరకు లక్ష రూపాయలది అనుకుందాం. 50,000కే బీమా చేశాం. 40,000 నష్టం వచ్చింది. 40,000 మొత్తం వస్తుందనుకుంటాం. రాదు. సగానికే బీమా చేశాం కనుక సగమే, అంటే 20,000 లెక్కగడతారు. సూక్ష్మ ఉద్యమ సురక్షలో 15 శాతం వరకు తేడాను పట్టించుకోరు, అంతకు మించితే కోత తప్పదు. పెళ్లిళ్ల రోజుల్లో మీ ఇంట్లో సరకు ఎక్కువ ఉంటుంది కదా, ఆ రోజుల విలువే చెప్పండి.

నాలుగవది నోటుబుక్కు. ఎవరి చీర, ఏ తేదీన వచ్చింది, విలువ ఎంత అన్నది రాసి, ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. నష్టం జరిగితే వెంటనే కంపెనీకి చెప్పాలి. సర్వేయరు చూసేదాకా పాడైన వస్తువులు పారేయవద్దు. కంపెనీకి ఫిర్యాదు చేసినా 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఇక మీలో కొందరి మనసులో ఉన్న ప్రశ్న మాకు తెలుసు. బీమా మనకు తగునా? అందులో వడ్డీ ఉంది కదా? దీనిపై ఉలమాలలో ఒకే మాట లేదు. తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. మీరు నమ్మే ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోండి. వద్దనుకున్నవారికి కూడా నోటుబుక్కు, చీరల్ని ఎత్తులో పెట్టే ఇనుప పెట్టె తప్పనిసరి. జాగ్రత్త పడడంపై ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు.

చివరగా కార్యవర్గానికి ఒక మనవి. ఇకమీదట మిషను ఇచ్చేటప్పుడు దానితోపాటు ఒక నోటుబుక్కు కూడా ఇవ్వండి. ఫారాలు నింపడానికి నెలకొక ఆదివారం మేము వచ్చి కూర్చుంటాం. బీమా వద్దనుకున్న వారి కోసం, తలా కొంత వేసుకుని ఒకరి కష్టానికి అందరూ ఆదుకునే చిన్న నిధి ఒకటి ఆలోచించండి. మిషను ఇవ్వడంతో సహాయం సగమే అయింది. ఆ మిషను నీళ్లలో మునిగిన నాడు కూడా ఆ ఇంటి పిల్ల బడికి రాగలిగితే మిగతా సగం పూర్తవుతుంది.

 అల్లాహ్ మీ చేతిపనిలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.